బాల్జాక్ చదివేటప్పుడు చేతిలో పెన్సిల్ ఉంచుకోండి

పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి నవలల్లో డబ్బు లెక్కలు రాగానే చాలామంది పేజీ తిప్పేస్తారు. నేనూ అంతే చేసేవాణ్ణి. అలా దాటేయకుండా ఆ అంకెల్ని అట్ట లోపలివైపు రాసుకుంటూ చదవండి.

ఫ్రెంచి రచయిత బాల్జాక్ నవల 'పేర్ గోరియో' (1835) చూడండి. సేమియా వ్యాపారంలో బాగా గడించిన గోరియో, పారిస్‌లో ఒక భోజన వసతి గృహంలో దిగుతాడు. మొదట్లో మొదటి అంతస్తులో ఏడాదికి 1,200 ఫ్రాంకులు కట్టేవాడు. తర్వాత రెండో అంతస్తుకు మారి 900. చివరికి మూడో అంతస్తులో నెలకు 45. లిఫ్టులు లేని కాలం కదా, పైకి వెళ్లేకొద్దీ గది చవక. ఆయన మెట్లెక్కుతున్నాడంటే చితికిపోతున్నాడన్నమాట! సొమ్మంతా ఇద్దరు కూతుళ్ల పాలు.

అదే ఇంట్లో ఉండే విద్యార్థి రాస్తిన్యాక్ కుటుంబానికి ఏడాదికి వచ్చేది సుమారు 3,000 ఫ్రాంకులు. అందులో 1,200 అతని చదువుకే. గొప్పింటి విందులకు వెళ్లాలని మరో 1,200 అడుగుతాడు. చెల్లెళ్లు దాచుకున్నది కూడా పంపేస్తారు. ఆ విందులకు బట్టలు కుట్టే దర్జీ వచ్చే సన్నివేశం ఈ లెక్కతో చదివితే గుండె చివుక్కుమంటుంది.

అన్నట్టు, ఈ నవలల్లో సూ, లూయీ అనే నాణేలూ వస్తాయి: ఫ్రాంకుకు 20 సూలు, లూయీకి 20 ఫ్రాంకులు.