చేతులతో చదువు – అయిదో పాఠం: కిలో పల్లికాయతో మూడు పాఠ్యాంశాలు

గత పాఠంలో చీపురు పుల్లల కట్టలతో పదుల స్థానాన్ని ఎలా చూపాలో నేర్చుకున్నాం. అక్కడ వస్తువూ ఒక్కటే, పాఠ్యాంశమూ ఒక్కటే. ఈసారి ఒకే వస్తువుతో గణితం, పరిసరాల విజ్ఞానం, తెలుగు మూడింటిలోనూ పని చేయించడాన్ని సాధన చేద్దాం. ఆ వస్తువు పల్లికాయ. యాసంగి పల్లి చేన్లు పీకే రోజుల్లో నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ప్రాంతపు పల్లెల్లో ఒక కిలో కాయ బడికి తెప్పించుకోవడం కష్టం కాదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఆ పంట గురించి చాలాసార్లు ఉపాధ్యాయుడికన్నా పిల్లలకే ఎక్కువ తెలిసి ఉంటుంది కనుక తరగతిలో మాట్లాడేవారు వారే అవుతారు. నల్లగొండ వైపు బత్తాయి తోటల నడుమ పనిచేసేవారికి వేరే సూచన చివర ఉంది.

ఈ పాఠమంతటికీ ఆధారమైన నియమం ఒకటుంది. పిల్లల చేతికి వస్తువు ఇచ్చే ముందే వారికి ప్రశ్న ఇవ్వాలి. ఆ ప్రశ్నకు వారు తమ అంచనాను పలక మీదనో నోటు పుస్తకంలోనో రాసి పెట్టుకోవాలి. అంచనా రాసుకున్న పిల్లవాడు తన మాట నిలుస్తుందో లేదో చూడడానికి లెక్కపెడతాడు. రాసుకోనివాడు కాయలు ఒలుచుకొని తింటాడు. 1980ల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం కృత్యాధార బోధనను, అంటే పిల్లలతో పనులు చేయిస్తూ నేర్పడాన్ని, పరిచయం చేసిన నాటి నుంచి 2022లో తెలంగాణలో చదవడం, రాయడం, లెక్కలు పట్టుబడడానికి మొదలైన తొలిమెట్టు కార్యక్రమం వరకు బోధనోపకరణాల మాట వినని ఉపాధ్యాయుడు లేడు; ఉపకరణాలు బీరువాలో భద్రంగానే ఉంటున్నాయి, వాటికి ముందు రావలసిన ప్రశ్నే తయారుకావడం లేదని నా అభిప్రాయం.

తరగతికి తెచ్చే ముందు కాయలను మీరే ఒకసారి ఏరండి. బూజు పట్టినవాటిలో విషపదార్థం ఉండే అవకాశం ఉంది కనుక వాటిని పారవేయాలి. పల్లీలు పడని పిల్లలు ఎవరైనా ఉన్నారేమో తల్లిదండ్రులను ముందే అడగండి. ఉంటే పల్లికాయ వద్దు, కానుగ కాయలో చింతగింజలో తీసుకోండి.

గణితం: పిడికెడు నుంచి పట్టిక దాకా

ప్రతి పిల్లవాడూ గంపలోంచి ఒక పిడికెడు కాయలు తీసుకోవాలి, ఎన్ని ఉన్నాయో చూడకుండా చెప్పి రాసుకోవాలి, ఆ తరువాతే లెక్కపెట్టాలి. ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి తమ కాయలను కలపమంటే లెక్క నలభై, యాభై దాటుతుంది. ఒక్కొక్కటిగా లెక్కించేవారు మధ్యలో తప్పి మళ్లీ మొదటికి వస్తారు. అప్పటిదాకా పదులు చేయమని మీరు చెప్పవద్దు. లెక్క రెండుసార్లు తప్పినవారే కాయలను కుప్పలుగా పెట్టుకోవడం మొదలుపెడతారు, ఆ కుప్పలు కొందరివి అయిదులు, కొందరివి పదులు. ఎవరి కుప్పలు చూడగానే లెక్క తెలిసిపోతున్నదని తరగతిని అడగండి. పదుల కట్టను ఉపాధ్యాయుడు ఇవ్వడానికీ, పిల్లలు అవసరం కొద్దీ చేసుకోవడానికీ మధ్య ఉన్న తేడా ఇక్కడ మీకు కనిపిస్తుంది.

ముప్పై ఏడు కాయలు లెక్కపెట్టిన పిల్లవాడు పలక మీద 307 అని రాస్తే తుడిచి దిద్దకండి. అతడు విన్నట్టే రాశాడు: ముప్పైకి 30, ఏడుకు 7. అట్టముక్కలతో 30 అనే వెడల్పాటి కార్డు ఒకటి, 7 అనే సన్నని కార్డు ఒకటి చేసి, మూడు పదుల కుప్పల ముందు మొదటిదాన్ని, విడి కాయల ముందు రెండోదాన్ని పెట్టమనండి. తరువాత 7ను 30లోని సున్నా మీదికి జరపమనండి. సున్నా కిందే ఉంది, పోలేదు. కార్డును ఎత్తి చూస్తూ, మూస్తూ నాలుగైదు సంఖ్యలు చేసిన తరువాత ఆ తప్పు చాలామందిలో తగ్గుతుంది.

మరునాడు కాయలను గింజల సంఖ్యను బట్టి వేరు చేయించండి. ఒలవకుండానే చెప్పాలి. ఒక గింజ కాయ గుండ్రంగా, రెండు గింజలది నడుమ నొక్కుతో, మూడు గింజలది రెండు నొక్కులతో ఉంటుందని పిల్లలే కనిపెడతారు. నేల మీద ఒక గీత గీసి, దాని నుంచి మూడు వరుసలుగా కాయలను పేర్చి, ఏ రకం ఎక్కువో చూసి చెప్పమనండి. ఇక్కడే ఒక మంచి చిక్కు వస్తుంది. మూడు గింజల కాయ పొడుగైనది కాబట్టి అయిదు కాయల వరుస కూడా ఒక గింజ కాయలు ఏడింటి వరుసంత పొడవు కావచ్చు. కంటికి సమానంగా కనిపించేది లెక్కకు సమానం కాదు. ఏం చేస్తే వరుస పొడవు నిజం చెబుతుందని అడిగి ఓపికగా ఆగండి. సుద్దముక్కతో సమానమైన గళ్లు గీసి గడికొక కాయ పెట్టాలన్న ఆలోచన పిల్లల నుంచే రావాలి. రాకపోతే గళ్ల నోటు పుస్తకం తెరిచి ఊరికే ముందు పెట్టండి, చాలు. ఆ గళ్లను పుస్తకంలో గీసి, కాయ ఉన్న గడికి రంగు వేస్తే పటచిత్రం (సంఖ్యలను వస్తువుల బొమ్మలతో చూపేది) నుంచి దిమ్మ చిత్రానికి (దిమ్మల పొడవుతో చూపేదానికి) వచ్చినట్టే. అమెరికా మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1960ల్లో చెప్పిన చేత, బొమ్మ, గుర్తు అనే మూడు అంచెలు ఇవే, అయితే ఒక అంచె నుంచి మరొకదానికి పోవడానికి పిల్లలకు కారణం కావాలి. ఇక్కడ ఆ కారణం పొడుగు కాయలు కల్పించిన చిక్కు.

నాలుగు, అయిదు తరగతులవారికి ఇదే పట్టికతో గుణకారం చేయించవచ్చు. ఒక గింజవి 6, రెండు గింజలవి 31, మూడు గింజలవి 3 ఉన్నాయనుకోండి. మొత్తం 40 కాయలు. గింజలు 6, 62, 9 కలిపి 77 రావాలి. ఒలిచి లెక్కపెడితే తరచూ అంతకన్నా తక్కువ వస్తాయి. కూడిక సరిచూస్తారు, గుణకారం సరిచూస్తారు, లెక్క సరిగ్గానే ఉంటుంది. తాలు కాయలు (లోపల గింజ ఊరనివి) బయటపడేదాకా వారిని వెతకనివ్వండి.

తూకానికి ఎక్కువ సమయం అక్కరలేదు. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు తలా 100 గ్రాముల బియ్యం లెక్క కాబట్టి అంత బియ్యాన్నీ, 100 గ్రాముల కాయనూ తరాజులో తూచి పక్కపక్కన పోయించండి. కుప్పల తేడాకు కారణం అడగండి. కాయ ఒలిచి గింజను, పొట్టును విడివిడిగా తూస్తే మంచి కాయలో గింజ దాదాపు 70 గ్రాములు ఉంటుంది, అయిదో తరగతి భిన్నాలకు అది సరిపోతుంది.

పరిసరాల విజ్ఞానం: కాయ ఎక్కడ కాస్తుంది?

వేళ్లు, మట్టితో సహా రెండు మూడు చెట్లు పీకి తెప్పించండి, కానీ వెంటనే చూపకండి. ముందు పల్లి చెట్టు బొమ్మ వేసి అందులో కాయలు ఎక్కడ ఉంటాయో గుర్తించమనండి. చేనుకు రోజూ పోయే పిల్లల్లో కూడా ఎక్కువమంది వేరుకే కాయలు వేస్తారు, ఎందుకంటే మట్టిలోంచి వచ్చేదంతా చెట్టు వేరులో భాగమేనని వారి నమ్మకం. ఇప్పుడు చెట్టు ఇచ్చి, ఒక కాయను పట్టుకొని దాని తొడిమ వెంట పైకి వేలు జరుపుకుంటూ పొమ్మనండి. వేలు వేరు దగ్గర ఆగదు, కొమ్మ కణుపు దగ్గర ఆగుతుంది. పసుపు పచ్చని పువ్వు నేలపైనే పూసి, ఫలదీకరణ జరిగాక దాని అడుగు నుంచి ఊడ సాగి నేలలోకి దిగుతుంది, ఆ ఊడ కొననే కాయ ఊరుతుంది. ఇది మీరు చెప్పవలసిన మాట కాదు. ఊడలు దిగడం గురించి చెప్పడానికి పల్లి వేసే తల్లినో తండ్రినో ఒక గంటసేపు బడికి పిలవండి. తాలు కాయల గురించీ వారినే అడగమనండి. ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం ఎందుకు వేస్తారో, మట్టిలోని కాల్షియాన్ని కాయ తానే నేరుగా పీల్చుకుంటుందని తెలిశాక పిల్లలకు అర్థమవుతుంది. నిన్నటి లెక్కలో తగ్గిన గింజలకు ఒక కారణమూ దొరుకుతుంది. పాత బొమ్మను చెరపవద్దు, దాని పక్కనే కొత్త బొమ్మ వేయించండి.

వేళ్ల మీది బుడిపెలను గోటితో చీల్చి లోపలి గులాబి రంగును చూపవచ్చు. మొలక పరీక్షకు మూడు గిన్నెలు చాలు: తడిగుడ్డలో పచ్చి గింజలు, పొడిగుడ్డలో పచ్చి గింజలు, తడిగుడ్డలో వేయించిన గింజలు. ఇక్కడ కూడా అంచనా ముందు.

తెలుగు: ఏ కాయ నాది?

పది కాయలు వరుసగా పెట్టి, ఒక పిల్ల మనసులో ఒకదాన్ని అనుకొని, వేలు చూపకుండా, మాటలతోనే మరొక పిల్లకు దాన్ని గుర్తు పట్టించాలి. పెద్దది, చిన్నది అన్న మాటలు పని చేయవని మొదటి ఆటలోనే తేలిపోతుంది. ముక్కు వంకర, నడుము సన్నం, గరుకు, ఒక పక్క మట్టి మరక వంటి మాటలు అవసరం కొద్దీ బయటికి వస్తాయి; వాటిని నల్లబల్ల మీద రాయండి. "మా నాయిన చేను పీకిండు" అని పిల్లవాడు అంటే అలాగే రాసి, అతడితోనే చదివించండి. తాను అన్న మాటే కనుక ఒకటో తరగతి పిల్లవాడు కూడా తడబడకుండా చదువుతాడు. పుస్తకభాషలోకి మార్చడం పెద్ద తరగతులవారికి మరో రోజు పనిగా ఇవ్వండి. పొట్టుతో బొమ్మలు అతికించడం వంటివి చేయించవచ్చు, అయితే దాన్ని పాఠంగా లెక్క వేసుకోవద్దు.

ఒకే ఉపాధ్యాయుడు అయిదు తరగతులను చూసుకునే బడిలో ఈ పని ఇంకా సులువు. గంప ఒకటే: చిన్నవారు లెక్కపెడతారు, మూడో తరగతివారు గళ్లలో పేరుస్తారు, పెద్దవారు గుణించి ఒలిచి సరిచూస్తారు.

నల్లగొండ వైపు ఉపాధ్యాయులు బత్తాయిని తీసుకుంటే తొనలు లెక్కపెట్టించండి. ప్రతి కాయలో తొనలు ఒకే సంఖ్యలో ఉండవు కాబట్టి పది తొనల కాయలో ఒక తొన, పదకొండు తొనల కాయలో ఒక తొన సమానమా అన్న ప్రశ్న భిన్నాలకు నేరుగా తీసుకుపోతుంది.

అభ్యాసం: ఈ వారం మీ ఊళ్లో దొరికే ఒక వస్తువును ఎంచుకొని, దాన్ని చేతికివ్వడానికి ముందు అడగవలసిన ప్రశ్నలు మూడు పాఠ్యాంశాలకూ రాయండి. ప్రశ్నకు జవాబు ఆ వస్తువును తాకకుండానే చెప్పగలిగితే ఆ ప్రశ్నను కొట్టివేసి మరొకటి రాయండి. ఆరో పాఠంలో బడి ఆవరణలోని వేపచెట్టు నీడను గంట గంటకూ కొలుద్దాం. అందుకు మీటరు టేపు, సుద్దముక్కలు, ఎండ బాగా కాసే ఒక రోజు సిద్ధం చేసుకోండి.