మినీమోగ్ శ్రుతి నిలవట్లేదా? ఆసిలేటర్ లోపాన్ని ఇలా పట్టుకోండి

1970లో వచ్చిన సింథసైజర్ మినీమోగ్ మోడల్ డీలో మూడు ఆసిలేటర్లు, అంటే స్వరాన్ని పుట్టించే సర్క్యూట్లు, ఉంటాయి. రిపేరుకు కూర్చున్నవాళ్లకు అదే అదృష్టం. ఒకటి మొరాయించినా, పోల్చి చూసుకోవడానికి పక్కనే బాగున్నవి రెండు ఉంటాయి. చాలామంది మూత తీయగానే ట్రిమ్మర్ల మీద, అంటే శ్రుతి సర్దే చిన్న స్క్రూల మీద పడతారు. అది చిట్టచివరి పని. లోపం ఎక్కడో తేలకముందే వాటిని తిప్పితే, ఉన్న తలనొప్పికి కొత్తది తోడవుతుంది.

ముందు ప్యానెల్ చూడండి

ఆసిలేటర్ పలకడం లేదనిపిస్తే, స్థాయిని ఎంచుకునే దాని రేంజ్ స్విచ్ 'లో' (LO) దగ్గర ఉందేమో చూడండి. అక్కడ స్వరం వినిపించదు, టక్‌టక్‌మనే చప్పుళ్లే వస్తాయి. మూడో ఆసిలేటర్ మీటలకు స్పందించకపోతే దాని కంట్రోల్ స్విచ్ ఆపేసి ఉండొచ్చు. స్వరాన్ని జార్చే గ్లైడ్, ఊపే మాడ్యులేషన్ కూడా ఆపేయండి. వాద్యాన్ని అరగంట వేడెక్కనిచ్చాకే శ్రుతి గురించి మాట్లాడాలి.

ఒక్కటా, మూడూనా?

మిక్సర్‌లో ఒక్కో ఆసిలేటర్‌నే వేసి, ఫోన్‌లోని ట్యూనర్‌తో వినండి. అసలు నిర్ధారణ ఇక్కడే జరుగుతుంది. మూడూ ఒకేసారి జారుతుంటే ఆసిలేటర్ల తప్పు కాకపోవచ్చు. పవర్ సప్లై, కీబోర్డు, పిచ్ వీల్, ట్యూన్ నాబ్‌లలో ఏదో ఒకటి కారణం అవుతుంది. ఒక్కటే జారితే దాని సొంత సర్క్యూట్‌లోనే వెతకాలి.

మూడూ జారుతుంటే

మల్టీమీటర్‌తో ప్లస్ 10, మైనస్ 10 వోల్టుల సప్లైలు కొలవండి. అంకె సరిగ్గా ఉంటే చాలదు, కదలకుండా నిలవాలి. స్వరాన్ని నిర్ణయించే కంట్రోల్ వోల్టేజ్ ఒక వోల్టు మారితే ఒక స్థాయి (ఆక్టేవ్) మారే వాద్యం ఇది. పక్కపక్క మీటల మధ్య తేడా 83 మిల్లీవోల్టులే కాబట్టి, ఆసిలేటర్లకు అందే కంట్రోల్ వోల్టేజ్‌లో పది మిల్లీవోల్టుల కదలిక వచ్చినా చెవి పట్టేస్తుంది. సప్లైలో పాత ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఉబ్బినా, కారినా మార్చండి. ప్లగ్ పీకి, కెపాసిటర్లు డిశ్చార్జ్ అయ్యాకే చెయ్యి పెట్టాలి. అమెరికా నుంచి తెచ్చిన 115 వోల్టుల వాద్యమైతే మన 230 వోల్టుల ప్లగ్‌లో నేరుగా పెట్టకండి.

సప్లై బాగుంటే కీబోర్డు వైపు వెళ్లండి. మీట వదిలాక కూడా స్వరం కాసేపు వినిపించేలా చేసే డికే స్విచ్ వేసి, ఆ సమయం పెంచి, ఒక మీట నొక్కి వదలండి. నొక్కినంతసేపు నిలిచిన స్వరం వదిలాక మెల్లగా జారితే, ఆ మీట వోల్టేజ్‌ను పట్టి ఉంచే కెపాసిటర్ దగ్గర లీకేజీ ఉన్నట్టు. కొన్ని మీటలే తప్పుగా పలికితే కాంటాక్టులు శుభ్రం చేస్తే సరిపోతుంది.

ఒక్కటే జారుతుంటే

రేంజ్ స్విచ్‌ను అటూ ఇటూ కదిపి చూడండి. స్వరం ఎగిరితే కాంటాక్ట్ క్లీనర్ పని. సా టూత్ (రంపపు పళ్ల ఆకారపు తరంగం) బాగుండి స్క్వేర్ (చతురస్రాకార తరంగం) మాత్రమే రాకపోతే ఆసిలేటర్ గుండె భేషుగ్గానే ఉంది. వేవ్‌ఫామ్ స్విచ్‌లోనో, ఆ ఆకారాన్ని మలిచే సర్క్యూట్‌లోనో లోపం.

గదిలో వేడి మారినప్పుడల్లా జారుతుంటే మీట వోల్టేజ్‌ను స్వరానికి తగ్గ కరెంటుగా మార్చే ఎక్స్‌పోనెన్షియల్ కన్వర్టర్‌ను అనుమానించాలి. తర్వాతి కాలపు ఆసిలేటర్ బోర్డుల్లో ఇక్కడ µఏ726 అనే ఐసీ (చిప్) ఉంటుంది. తనను తాను ఒకే వేడి దగ్గర ఉంచుకునే ట్రాన్సిస్టర్ల జంట అది. జాగ్రత్తగా వేలితో దాని లోహపు డబ్బాను తాకి చూడండి. మిగతా రెండూ వెచ్చగా ఉండి ఇదొక్కటీ చల్లగా ఉంటే హీటర్ పనిచేయడం లేదు. ఐసీయే పోయిందని తేల్చే ముందు దానికి సప్లై అందుతోందో లేదో కొలవండి. ఈ ఐసీ దొరకడం కష్టం, నకిలీలూ ఉంటాయి.

చివరగా ట్రిమ్మర్లు

వీటిని వెనక ప్యానెల్ రంధ్రాల్లోంచి, మూత బిగించే తిప్పండి. లోపలి వేడి మారితే లెక్క తప్పుతుంది. 110 హెర్ట్జ్ పలికే మీటను రేంజ్ ట్రిమ్మర్‌తో సరిచేసి, రెండు స్థాయిల పైది నొక్కండి. 440 రాకపోతే స్కేల్ ట్రిమ్మర్ తిప్పండి, మళ్లీ కిందికి రండి. రెండు చోట్లా కుదిరేదాకా ఇదే తంతు. ఒక ఆసిలేటర్ కుదిరాక మిగతా రెంటినీ దానితో కలిపి వింటూ, రెండు స్వరాలు కలవనప్పుడు వినిపించే అలలాంటి ఊగిసలాట ఆగేవరకు సర్దితే ట్యూనర్ కన్నా త్వరగా తేలిపోతుంది.