సముద్రపు వేట లెక్కలు చదవడం, 3వ పాఠం: గ్రాఫ్ ఏ ఏడాదితో మొదలెట్టాలి?

పోయిన పాఠంలో ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) వాళ్ల ఫిష్‌స్టాట్‌జె అనే సాఫ్ట్‌వేర్ నుంచి డేటా దించుకోవడం, చెరువుల పెంపకం పక్కన పెట్టి ఒట్టి సముద్రపు వేట ఉంచుకోవడం చేశాం కదా, ఇవాళ పెరూ, జపాన్ రెండూ ఒకే గ్రాఫ్‌లో గీయండి.

ముందు పెరూ. 1970లో వేట 1 కోటి 20 లక్షల టన్నులు దాటింది, అందులో దాదాపు అంతా ఆంచొవెటా అనే ఒక్క చేపే, మన నెత్తళ్ల కుటుంబమే అనుకోండి, తినేది తక్కువ, ఎక్కువ భాగం ఫిష్‌మీల్‌కే, అంటే మేతలో కలిపే చేపల పొడికే, పోతుంది. అప్పటికే మితిమీరి పట్టేస్తున్నారు, దానికి తోడు 1972లో ఎల్ నినో, అంటే కొన్నేళ్లకోసారి పసిఫిక్ సముద్రపు నీళ్లు మామూలు కన్నా వేడెక్కే పరిస్థితి, వచ్చింది, 1973కల్లా ఆంచొవెటా 20 లక్షల టన్నుల లోపుకి పడిపోయింది. 1998లో ఎల్ నినో దెబ్బకి మళ్లీ కూలింది, 2000 వచ్చేసరికి మళ్లీ లేచింది. ఇప్పుడు చూడండి, గ్రాఫ్ 1998తో మొదలెడితే పెరూ అద్భుతం చేసినట్టు ఉంటుంది, 1970తో మొదలెడితే సర్వనాశనం అయినట్టు ఉంటుంది, డేటా మాత్రం ఒకటే! వార్తల్లో వచ్చే సగం గ్రాఫులు నాకు ఇందుకే నచ్చవు.

అందుకని రెండు పనులు చెయ్యండి. ప్రతి ఏడాదికీ ముందు ఏడాది, తర్వాత ఏడాది కలిపి సగటు తీసుకోండి. తర్వాత ఆంచొవెటా తీసేసి ఇంకో గీత గీయండి, ఆ ఎగుడుదిగుళ్లు చాలావరకు పోతాయి.

జపాన్ కథ వేరు. 1984 ప్రాంతంలో కోటి టన్నుల పైన ఉన్నది ఇప్పుడు సుమారు 30 లక్షలకి దిగింది, మళ్లీ లేవలేదు. సార్డీన్ అనే చేప వేట 1988లో 45 లక్షల టన్నుల దాకా వెళ్లి, 2000 దాటాక కొన్నేళ్లు లక్ష లోపుకి పడింది, అది ఒక కారణం. రెండోది, 1977 నుంచి దేశాలు వరసగా తమ తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా వేట హక్కు తమదేనని హద్దులు గీసుకునేసరికి దూరం వెళ్లి పట్టే జపాన్ పడవలకి చోటు తగ్గిపోయింది. ఈ లెక్కల్లో చేప ఏ సముద్రంలో దొరికిందో కాదు, పట్టిన పడవ మీద ఏ దేశం జెండా ఉందో ఆ దేశం ఖాతాలో పడుతుంది, కాబట్టి జపాన్ గీత పడిందంటే జపాన్ తీరంలో చేపలు అయిపోయాయని కాదు.

హోంవర్క్: జపాన్‌లో సార్డీన్ తీసేసి గీయండి. గీత అప్పుడు కూడా కిందికే వస్తోందా? వస్తే ఎఫ్‌ఏఓ ఏరియా (లెక్కల కోసం ఎఫ్‌ఏఓ సముద్రాల్ని విడగొట్టిన ప్రాంతాలు) ప్రకారం విడగొట్టి, ఏ సముద్రంలో ఎక్కువ తగ్గిందో రాసిపెట్టుకోండి, నాలుగో పాఠం అక్కణ్ణుంచే.