సివిలైజేషన్ 6లో ట్రేడర్‌ని పంపాలా, స్పైని పంపాలా? తేల్చుకోవడం ఎలా

2016లో వచ్చిన సివిలైజేషన్ 6 అనే వీడియో గేమ్‌లో (ఒక నాగరికతను నడిపించే ఆట) స్పైలు (వేగులు) చేతికి రాగానే చాలామంది వాళ్ళందరినీ పొరుగు దేశాల మీదికి వదులుతారు. నా ఉద్దేశంలో వర్తకంతో సాధ్యపడని పనికే స్పైని వాడాలి. ట్రేడర్ల (వర్తక మార్గాలు నడిపేవాళ్ళ) కోటా వేరు, స్పైల కోటా వేరు. రెండూ పోటీ పడేది మీ సిటీల ప్రొడక్షన్ (తయారీ శక్తి) కోసం, పొరుగు రాజుతో మీ స్నేహం కోసం.

1. ముందు వర్తక రూట్లు పెంచుకోండి. ఫారిన్ ట్రేడ్ అనే సివిక్‌తో (కల్చర్‌తో నేర్చుకునే అంశం) తొలి రూట్ వస్తుంది. ఆ తర్వాత కమర్షియల్ హబ్‌లో (సిటీలో వర్తకం కోసం కట్టే డిస్ట్రిక్ట్, అంటే ప్రత్యేక భాగం) మార్కెట్ గానీ, హార్బర్‌లో లైట్‌హౌస్ గానీ కట్టిన ప్రతి సిటీకీ ఒకటి కలుస్తుంది. స్పై కోసం డిప్లొమాటిక్ సర్వీస్ సివిక్ దాకా ఆగక తప్పదు.

2. కొత్త సిటీ ఎదగాలంటే దాని ట్రేడర్‌ని మీ సొంత సిటీకే పంపండి; తిండి, ప్రొడక్షన్ వస్తాయి. గోల్డ్ కావాలంటే విదేశానికి పంపండి.

3. ఇప్పుడు అసలు విషయం. వర్తకం కూడా వేగు పనే చేస్తుంది! ఒక దేశంతో రూట్ నడిపితే వాళ్ళ గురించి మీకు తెలిసే సమాచారం ఒక మెట్టు పెరుగుతుంది. రాయబారిని పంపితే ఇంకో మెట్టు, ప్రింటింగ్ టెక్నాలజీ నేర్చుకుంటే మరొకటి. వాళ్ళకంటే మీరు ఎన్ని మెట్లు పైనుంటే, యుద్ధంలో మీ సైన్యానికి మెట్టుకు 3 చొప్పున బలం కలుస్తుంది. కాబట్టి ఎవరిని చూసి భయపడుతున్నారో ఆ దేశానికే ఒక ట్రేడర్‌ని పంపండి. అయితే అన్ని రూట్లూ అక్కడికే వద్దు. యుద్ధం మొదలైందంటే ఆ దేశంతో ఉన్న రూట్లన్నీ తెగిపోతాయి.

4. మొదటి స్పైని ఇంట్లోనే ఉంచండి. కాపలా కాసే స్పై తానున్న డిస్ట్రిక్ట్‌తో పాటు దాన్ని ఆనుకున్న డిస్ట్రిక్ట్‌లను కూడా కాపాడతాడు. వర్తకంతో నిండిన కమర్షియల్ హబ్ మీద శత్రువు కన్ను ఎలాగూ పడుతుంది.

5. రెండో స్పైని పంపేముందు మీకు ఏం తక్కువైందో చూసుకోండి. సైన్స్‌లో వెనకబడితే టెక్నాలజీ దొంగిలించడానికి వాళ్ళ క్యాంపస్‌కు (సైన్స్ డిస్ట్రిక్ట్) పంపండి. మీరే ముందుంటే అక్కడ దొంగిలించడానికి ఏమీ ఉండదు. గోల్డ్ కోసమైతే బాగా సంపన్నమైన సిటీలోని కమర్షియల్ హబ్‌ను ఎంచుకోండి. ఎక్కడికి వెళ్ళినా ముందు సోర్సులు సంపాదించే మిషన్ చేయిస్తే తర్వాతి మిషన్ గెలిచే అవకాశం పెరుగుతుంది. మకియవెల్లియనిజం అనే పాలసీ కార్డు (మీ ప్రభుత్వానికి ఎంచుకునే విధానం) పెడితే స్పైలు త్వరగా తయారవుతారు, మిషన్లకు పట్టే సమయమూ తగ్గుతుంది. మీకు మంచి లాభమిచ్చే రూట్ ఉన్న దేశంలో మాత్రం దొంగతనం వద్దు. స్పై పట్టుబడితే స్నేహం చెడుతుంది.

6. ఎవరైనా సైన్స్ విజయానికి (అంతరిక్ష ప్రయోగాలతో ఆట గెలవడానికి) దగ్గరపడితే ఇక లెక్కలు పక్కన పెట్టి, వాళ్ళ రాకెట్ పని చెడగొట్టడానికి స్పైని వాళ్ళ స్పేస్‌పోర్ట్‌కు (రాకెట్లు ప్రయోగించే డిస్ట్రిక్ట్) పంపండి. రాకెట్‌ను గోల్డ్‌తో ఆపలేరు. రాకెట్ మీదే అయితే అందరికంటే అనుభవమున్న స్పైని మీ స్పేస్‌పోర్ట్‌లోనే కాపలా పెట్టండి.