షికాగో చలికి పండ్ల మొక్క కొనేముందు

ఏప్రిల్ రాగానే షాపుల ముందు మొక్కలు వరసకడతాయి. అట్టమీద బొమ్మ చూసి బండిలో పడేయకండి. నేనలా తెచ్చిన ఆప్రికాట్ ఆరేళ్లుగా పచ్చగానే ఉంది, ఒక్క కాయ లేదు. అందరికంటే ముందే పూస్తుంది, ఆ వెనకే పడే మంచుకి పూత మొత్తం నల్లబడిపోతుంది.

ట్యాగ్ మీద జోన్ నంబరు చూడండి. మొక్క ఎంత చలికి ఆగుతుందో చెప్పే అంకె అది, నంబరు తగ్గేకొద్దీ ఎక్కువ చలికి ఆగుతుందని. జోన్ 5 అంటే ఏడాదిలో అతి చల్లటి రాత్రి సగటున మైనస్ 20 నుంచి మైనస్ 10 ఫారెన్‌హీట్ దాకా దిగుతుందని. అది సగటు మాత్రమే. 2019 జనవరి 30న ఓహేర్ విమానాశ్రయంలో మైనస్ 23 పడింది! అందుకే నేను జోన్ 4 అని రాసి ఉన్నవే వెతుకుతాను. మిన్నెసోటా యూనివర్సిటీ 1991లో విడుదల చేసిన హనీక్రిస్ప్ యాపిల్, మోంట్‌మొరెన్సీ పుల్ల చెర్రీ అలాంటివే. ఆ చెర్రీ పప్పులో వేస్తే మామిడికాయ లోటు సగం తీరుతుంది.

చెట్టు బతకడం వేరు, కాయడం వేరు. పీచ్ చెట్టు చలికి ఆగినా, మైనస్ 10, 15 దగ్గరకొచ్చేసరికి దాని పూమొగ్గలు చచ్చిపోతాయి.

సీతాఫలం మీద బెంగ ఉంటే పాపా (pawpaw) అనే పండ్ల చెట్టు నాటండి. అమెరికా అడవి చెట్టే అయినా సీతాఫలం కుటుంబానిదే. మెత్తటి గుజ్జు, పెద్ద పెద్ద గింజలు. ఇది జోన్ 5 చెట్టు, నా నియమం నేనే తప్పాను. ఒక్కటే నాటితే సాధారణంగా పూత రాలిపోతుంది. వేర్వేరు రకాలవి రెండు దగ్గరదగ్గరగా ఉండాలి. హేజల్‌నట్‌కీ అంతే, జంట కావాలి. బ్లాక్ వాల్‌నట్ చలికి మొండిదే గానీ, దాని వేళ్లు వదిలే విషానికి టమాటా, వంకాయ మొక్కలు వడలి చచ్చిపోతాయి. కూరమడి ఉన్న పెరట్లో వద్దు.

కుండీలో పెంచేవాళ్లు ఇంకా మొండి రకం చూసుకోవాలి. నేలలో ఉన్న వేళ్లకి దొరికే వెచ్చదనం కుండీలో దొరకదు.

కుందేళ్లు బెరడు కొరక్కుండా, మంచు పడకముందే చెట్టు మొదలు చుట్టూ ఇనప వల కట్టండి. ఎత్తు నేలనుంచి కాదు, పేరుకునే మంచు పైనుంచి లెక్కేసుకోండి. నేను రెండడుగుల వల చుట్టి నిశ్చింతగా పడుకున్నాను. కుందేళ్లు అడుగు మంచు మీద నిలబడి, వల పైన బెరడు చుట్టూతా ఒలిచేశాయి.