దేశం అప్పు మోయగలదా? లెక్క మీరే వేసి చూడండి

కొండపి వేలం కేంద్రంలో పొగాకు అమ్ముకున్న రైతుకు ముందు గుర్తొచ్చేది వడ్డీ. నూటికి 2 రూపాయల చొప్పున 5 లక్షలు తెస్తే నెలకు 10,000, ఏడాదికి 1,20,000. కౌలు, కూలీలు, బ్యారన్ కట్టెల ఖర్చు పోను మిగిలింది దానికి చాలకపోతే, వడ్డీ కట్టడానికే మళ్లీ అప్పు చెయ్యాలి. ప్రభుత్వం లెక్కా ఇంతే. ఒక్కటే తేడా: రైతు ఎప్పటికైనా అసలు తీర్చాలి, ప్రభుత్వం గడువు తీరిన బాండ్లను (అప్పు పత్రాలను) కొత్తవి అమ్మి కట్టేస్తుంది. కాబట్టి లక్షల కోట్ల అంకె చూసి బెదరక్కర్లేదు. జీడీపీలో, అంటే దేశంలో ఏడాదిలో తయారైన సరుకులు, సేవల మొత్తం విలువలో, అప్పు వాటా ఎటు పోతోందో చూడాలి.

2025-26 కేంద్ర బడ్జెట్ అంచనాలు తీసుకోండి. ద్రవ్యలోటు, అంటే ఖర్చుకు రాబడి చాలక అప్పు తేవాల్సింది, 15.69 లక్షల కోట్లు. అందులో వడ్డీలు 12.76 లక్షల కోట్లు తీసేస్తే మిగిలిన 2.93 లక్షల కోట్లు ప్రాథమిక లోటు, అంటే జీడీపీలో 0.8 శాతం. కింద చెప్పే అప్పు వాటా సూత్రంలో వెయ్యాల్సింది దీన్నే. ద్రవ్యలోటు మొత్తం వేస్తే వడ్డీ రెండుసార్లు పడుతుంది.

నిరుటి అప్పు వాటాను వడ్డీ రేటుతో పెంచి, జీడీపీ పెరుగుదలతో భాగించి, ప్రాథమిక లోటు కలపండి. వాటా 56, వడ్డీ 7 శాతం, పెరుగుదల 10 శాతం అనుకుందాం: 56 × 1.07 ÷ 1.10 = 54.5. దానికి 0.8 కలిపితే 55.3. వాటా తగ్గింది. పెరుగుదల 6 శాతానికి పడితే అదే లెక్క 57.3కి ఎక్కుతుంది.

ఇక్కడ పెరుగుదల అంటే ధరల పెరుగుదల కూడా కలిసిన రేటు. పేపర్లో పెద్దక్షరాల్లో వచ్చేది ధరలు తీసేసిన రేటు, అది వేస్తే లెక్క తప్పుతుంది. వడ్డీ రేటు కూడా ఇవాళ్టి బాండ్లది కాదు. ఈ ఏడాది వడ్డీని నిరుటి చివరి అప్పుతో భాగించండి.

తర్వాత అప్పు ఏ కరెన్సీలో ఉందో చూడండి. జపాన్ అప్పు జీడీపీకి రెట్టింపు దాటినా సొంత యెన్‌లోనే ఉంది కాబట్టి నడుస్తోంది. శ్రీలంకకు డాలర్లు అయిపోయాయి, 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పుల చెల్లింపు ఆపేసింది. మన కేంద్రం అప్పులో అత్యధిక భాగం రూపాయల్లోనే ఉంది.

మనల్ని నిజంగా కలవరపెట్టాల్సింది వడ్డీ భారం. అదే 2025-26 బడ్జెట్ అంచనాల్లో, 34.20 లక్షల కోట్ల రెవెన్యూ రాబడిలో (పన్నులు వగైరా, అప్పులు కాకుండా) ప్రతి 100 రూపాయలకు 37 వడ్డీకే. బడికి, కాలువకు, ఆసుపత్రికి మిగిలిన దాంట్లోంచే రావాలి.

రాష్ట్రానికి ఈ లెక్క వేసేటప్పుడు కార్పొరేషన్ల పేరుతో తెచ్చి, ఖజానా నుంచి కట్టే అప్పులనూ కలపండి. అవి బడ్జెట్ లోటులో కనపడవు. ఆ అప్పులకు ప్రభుత్వం ఇచ్చిన హామీల (గ్యారంటీల) పట్టికలో వెతకాలి.