వెనుక టైరు మధ్యలో ఎందుకు గుండవుతుంది? స్పోర్ట్స్ బైకు టైరు అరుగుదలను చదివే పద్ధతి

నా బండి వెనుక టైరును మొదటిసారి మార్చవలసి వచ్చినప్పుడు, మెహదీపట్నంలోని ఒక షాపులో దాన్ని విప్పి నేలమీద పెట్టగానే దాని ఆకారం చూసి నాకే ఆశ్చర్యం కలిగింది. మధ్యభాగం నున్నగా గుండై పీటలా చదునుగా ఉంది, అంచుల్లో మాత్రం కొత్తగా వచ్చినప్పటి రబ్బరు వెంట్రుకలు ఇంకా అక్కడక్కడ నిలిచే ఉన్నాయి. షాపతను టైరును ఒకసారి తిప్పి చూసి, "మొత్తం హైవే మీదనే తిప్పుతవా అన్నా?" అని అడిగాడు. నిజానికి నేను రోజూ తిరిగేది కొండాపూర్ నుంచి సికింద్రాబాద్‌కే. సిగ్నల్ పచ్చబడిన ప్రతిసారీ థ్రాటిల్‌ను ఒక్కసారిగా తిప్పడం, తరువాతి సిగ్నల్ దగ్గర గట్టిగా బ్రేకు వేయడం నా అలవాటు, ఆ టైరు మీద కనిపించింది ఆ అలవాటే.

టైరు రోడ్డును పట్టుకోవాలంటే అది రోడ్డు మీద ఎంతో కొంత జారక తప్పదు. చక్రం తిరిగే వేగానికీ బండి కదిలే వేగానికీ మధ్య ఉండే ఆ చిన్న తేడా నుంచే పట్టూ పుడుతుంది, అరుగుదలా పుడుతుంది. థ్రాటిల్ లేదా బ్రేకు ఎంత గట్టిగా ప్రయోగిస్తే ఆ జారుడు అంత పెరుగుతుంది, అరుగుదల మాత్రం అంతకంటే వేగంగా పెరుగుతుంది. అందువల్ల ఒకే రోడ్డు మీద ఒకే మోడల్ బండి నడిపే ఇద్దరిలో ఒకరి టైరు మరొకరి టైరు కంటే చాలా ముందే అయిపోవడంలో వింతేమీ లేదు.

ముందుగా కొలవడం నేర్చుకోవాలి. ట్రెడ్ (టైరు మీది గాడులున్న పైరబ్బరు) లోతు కొలిచే చిన్న గేజి చవకగానే దొరుకుతుంది. బండిని ప్యాడాక్ స్టాండు (వెనుక చక్రాన్ని నేల నుంచి లేపి ఉంచే స్టాండు) మీద నిలిపి, వెనుక టైరు మధ్యలో, కుడి భుజం (మధ్యకూ అంచుకూ నడుమ వంగిన భాగం) దగ్గర, ఎడమ భుజం దగ్గర లోతు కొలిచి, చక్రాన్ని కొంత తిప్పి మరో రెండు చోట్ల కూడా అలాగే కొలిచి, ఓడోమీటరు అంకెతో కలిపి రాసి పెట్టుకోవాలి. ప్రతి 1000 కిలోమీటర్లకు ఒకసారి ఇలా చేస్తే చాలు. ఉదాహరణకు కొత్తప్పుడు మధ్యలో 6 మిల్లీమీటర్ల లోతు ఉండి, ప్రతి 1000 కిలోమీటర్లకు 1 మిల్లీమీటరు తగ్గుతూ ఉంటే, టైరు మార్చవలసిన 0.8 మిల్లీమీటర్ల హద్దు చేరడానికి మీకు దాదాపు 5200 కిలోమీటర్లు పడుతుంది. నడిపే తీరు మార్చుకుని ఆ తరుగుదలను 0.6కు తెస్తే అదే టైరు 8600 కిలోమీటర్ల దాకా వస్తుంది.

మధ్యలో చదునుగా అరగడం మన నగరంలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే జబ్బు. అనంతగిరి కొండల్లో వంపులు తిరగాలని ఆదివారం తెల్లవారుజామున బయలుదేరే రైడరు కూడా, చేవెళ్ల మర్రిచెట్ల మీదుగా వికారాబాద్ చేరేదాకా నిటారుగానే నడుపుతాడు. కొండ మీద ఉన్న కొద్దిపాటి వంపులు అంచుల్ని తాకేలోపే, పోను రాను చేసిన ప్రయాణం మధ్యభాగాన్ని తినేస్తుంది. చదునైన టైరుతో వచ్చే అసలు ఇబ్బంది వంపులో బయటపడుతుంది: బండి మొదట వాలడానికి మొరాయించి, చదును అంచు దాటగానే ఒక్కసారిగా పక్కకు పడినట్టు వాలుతుంది. అంచుల్లో రోడ్డును తాకని గీత మిగిలితే బండిని వాల్చడం రాదనుకుంటారని పార్కింగులో సిగ్గుపడి దాన్ని గరుకు కాగితంతో రుద్దే కుర్రవాళ్లను నేను చూశాను. ఆ శ్రమేదో ముందు గాలి చూసుకోవడం మీద పెట్టవచ్చు.

కుడి భుజం ఎడమకంటే ఎక్కువ అరిగితే కంగారు పడనక్కరలేదు. మనం రోడ్డుకు ఎడమవైపున నడుస్తాం గనుక కుడి మలుపులో తిరిగే చాపం పొడవుగా ఉంటుంది. పైగా చాలా కూడళ్లు మూసి యూటర్న్‌లు పెట్టిన హైదరాబాద్‌లో రోజుకు ఎన్నిసార్లు కుడికి వాలుతామో లెక్క ఉండదు. యూటర్న్‌లో బండి ఇంకా వాలి ఉండగానే థ్రాటిల్ తెరిచే అలవాటు ఆ భుజాన్ని మరింత త్వరగా అరగదీస్తుంది కాబట్టి, బండి నిటారుగా లేచాకే థ్రాటిల్ తెరవాలి.

ముందు టైరు సంగతి వేరు. అరచేతితో ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి నిమిరి చూడండి. ఒక దిశలో నున్నగా, మరో దిశలో రంపపు పళ్లలా గరగరలాడితే, అది ఎక్కువగా ముందు బ్రేకును గట్టిగా వాడటం వల్ల వచ్చినదే. గుంటలు గుంటలుగా అరిగితే మాత్రం తప్పు చేతిది కాకపోవచ్చు, గాలి తక్కువగా ఉండటమో, సస్పెన్షన్ పట్టు తప్పడమో, చక్రం బ్యాలెన్సు పోవడమో చూడాలి. బ్రేకును ఒక్కసారిగా గుంజకుండా, ముందు మెల్లగా పట్టి, బరువు ముందుకు చేరిన తరువాత ఒత్తిడి పెంచితే ఆపే దూరమూ తగ్గుతుంది, రబ్బరూ మిగులుతుంది.

గాలి విషయంలో మన దగ్గర నిర్లక్ష్యం ఎక్కువ. చైన్ కవరు మీదో, వెనుక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ మీదో ఉండే స్టిక్కరులోని అంకె చల్లని టైరుకు చెప్పినది. మే నెలలో 42 డిగ్రీల ఎండలో ట్రాఫిక్ దాటుకుని పెట్రోలు బంకుకు చేరేసరికి టైరు వేడెక్కి, ఒత్తిడి పెరిగి ఉంటుంది. అప్పుడు స్టిక్కరు అంకెకు తగ్గించి పట్టిస్తే, మరునాడు పొద్దునకు గాలి తక్కువైపోతుంది. టైరులోని గాలి 5 లేదా 6 డిగ్రీలు వేడెక్కితే ఒత్తిడి సుమారు 1 పీఎస్ఐ పెరుగుతుంది గనుక, సొంత గేజి కొనుక్కుని పొద్దున్నే ఇంటిదగ్గరే కొలుచుకోవాలి. గాలి తక్కువైతే టైరు ఎక్కువగా వంగి వేడెక్కి వేగంగా అరుగుతుంది. ఎక్కువైతే రోడ్డును తాకే భాగం కుంచించుకుపోయి మధ్యభాగం తొందరగా పోతుంది. నైట్రోజన్ పట్టిస్తే ఇవేవీ ఉండవని నమ్మేవారికి ఒక మాట: మామూలు గాలిలో కూడా 78 శాతం నైట్రోజనే.

గేరు తగ్గించేటప్పుడు క్లచ్‌ను ఠపీమని వదిలితే వెనుక చక్రం ఒక్క క్షణం ఈడ్చుకుపోతుంది. స్లిప్పర్ క్లచ్ ఉన్న బండిలో ఆ దెబ్బ తగ్గుతుందే గాని పూర్తిగా పోదు. ఆర్‌పీఎం (ఇంజను తిరిగే వేగం) కొంచెం పెంచి క్లచ్ వదలడం నేర్చుకుంటే ఆ బాధ ఉండదు. మధ్యలో గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తని రబ్బరు ఉన్న టైర్లు నగర ప్రయాణానికి నాకు నచ్చుతాయి. ట్రాకు కోసం చేసిన పూర్తి మెత్తని టైరును ఆఫీసుకు తిప్పడం మాత్రం డబ్బు తగలేయడమే.

గాడుల్లో అడ్డంగా ఉండే గుర్తుకడ్డీతో పైరబ్బరు సమానమైన రోజే టైరు మార్చాలి. మన వర్షాకాలానికి ముందే, జూన్ మొదటి వారంలోగా మార్చడం ఇంకా మంచిది. కొనేటప్పుడు పక్కగోడ మీద నాలుగు అంకెలు చూడండి: 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైందని అర్థం. కొత్త రబ్బరు పైపొర జారుతుంది కాబట్టి మొదటి 150 కిలోమీటర్లు గట్టి బ్రేకు, పెద్ద వాలు లేకుండా, వాలును కొంచెం కొంచెంగా పెంచుకుంటూ నడపాలి. గండిపేట వైపు తెల్లవారుజామున తీరిగ్గా తిరిగి వస్తే ఆ పని సగం అవుతుంది. షాపు నుంచి బండి ఇంటికి రాగానే గేజి తీసి ట్రెడ్ లోతు చూసి, పుస్తకంలో కొత్త పేజీ మొదలుపెట్టండి.